పుష్-పుల్ కన్వర్టరులో ఎప్పుడూ ఒకే పక్క ఫెట్లు పోతున్నయ్: చుట్లు తప్పా, గ్యాపు పెట్టాల్నా?

దేవరకొండ_బెంచ్
12 వోల్టుల బ్యాటరీ నుంచి 320 వోల్టుల డీసీ తీసే కన్వర్టరు. 300 వాట్లకు అనుకున్నది. వివరాలన్నీ పెడుతున్న, ఏదన్న మరిస్తే అడగుండ్రి.

పల్సులిచ్చే కంట్రోలరు ఐసీ ఎస్‌జీ3525. 5వ పిన్నుకు 2.2 నానోఫారడ్, 6వ పిన్నుకు 16 కిలో ఓమ్, 5కూ 7కూ మధ్య 100 ఓమ్. 4వ పిన్ను (ఆసిలేటరు) మీద మీటరు 39.5 కిలోహెర్ట్జ్ చూపిస్తున్నది. పక్కకు రెండేసి ఐఆర్ఎఫ్3205 ఫెట్లు (స్విచ్చుల లెక్క పనిజేసే ట్రాన్సిస్టర్లు), గేట్లు ఐసీ నుంచే నేరుగ, 22 ఓమ్ రెసిస్టర్లతోని. ట్రాన్స్‌ఫార్మరు ఫెర్రైట్ కోర్ ఈటీడీ39, రెండు సగాల నడుమ గ్యాపు లేదు. ప్రైమరీ 4+4, సెకండరీ 100. ఫీడ్‌బ్యాక్ ఇంక కలపలే, డ్యూటీ (పల్సు వెడల్పు) ఫుల్లుగనే నడుస్తున్నది. 8వ పిన్ను (సాఫ్ట్ స్టార్ట్) ఖాళీ.

చల్లగ ఉన్నప్పుడు మంచిగనే నడుస్తది. 150 వాట్ల లోడు పెడితే పది నిమిషాలకు 14వ పిన్ను పక్క ఫెట్లు షార్ట్. 11వ పిన్ను పక్కయి ఎన్నడూ పోలే. రేకుల షెడ్డు, ఎండకాలం, డబ్బా లోపల గాలి ఆడదు. బ్యాటరీ చార్జింగులో ఉన్నప్పుడు 14 వోల్టులు దాక ఉంటది.

కోర్ చిన్నదా? లేకపోతే గ్యాపు పెట్టాల్నా?

పాలమూరు_ఫెర్రైట్
కోర్ సంగతి తర్వాత. మీటరును 4వ పిన్ను మీంచి తీసి 11వ పిన్ను మీద పెట్టు తమ్మీ. ఎంత వస్తది?

దేవరకొండ_బెంచ్
19.8 కిలోహెర్ట్జ్. ఆసిలేటర్ల సగం!

పాలమూరు_ఫెర్రైట్
గదే. 3525 ల ఆసిలేటరు ఒక్కో టిక్కుకు ఒక్కో పక్కను మారుస్తది. 11 ఒకసారి, 14 ఒకసారి. ట్రాన్స్‌ఫార్మరు చూసే ఫ్రీక్వెన్సీ సగమే. టీఎల్494 ను పుష్-పుల్‌ల పెట్టినా ఇదే లెక్క. నువ్వు 40 కిలోహెర్ట్జ్ అనుకుని 4 చుట్లు చుట్టినవ్, అది 20 మీద నడుస్తున్నది. ఈ ఒక్క పొరపాటుకు ఎన్ని ఫెట్లు కాలినయో లెక్క లేదు.

వోల్ట్‌సెకను
లెక్క చూపిస్తే ఎంత తేడా పడిందో తెలుస్తుంది. పుష్-పుల్, హాఫ్ బ్రిడ్జ్, ఫుల్ బ్రిడ్జ్ మూడింటికీ ఒకే సూత్రం పనిచేస్తుంది: ఒక సగం చక్రంలో ప్రైమరీ మీద పడే వోల్టులను ఆ సమయంతో (మైక్రోసెకన్లలో) గుణించి, చుట్లు × కోర్ అడ్డకోత (చదరపు మిల్లీమీటర్లలో) తో భాగించండి. జవాబు నేరుగా టెస్లాలో వస్తుంది, సున్నాలు లెక్కపెట్టే పని లేదు. వచ్చింది కోర్‌లో ఫ్లక్స్ (అయస్కాంత ప్రవాహం) సాంద్రత మొత్తం ఊపు. అందులో సగం ఈ వైపు, సగం ఆ వైపు.

ఈటీడీ39 అడ్డకోత 125 చదరపు మిల్లీమీటర్లు. 4 చుట్లు అంటే 500.

మీరు అనుకున్నది: 14 × 12.5 = 175. 175 ÷ 500 = 0.35. అంటే ఇటు అటు 0.175 టెస్లా. చక్కటి డిజైను.

నిజంగా జరుగుతున్నది: 14 × 25.3 = 354. 354 ÷ 500 = 0.708. అంటే ఇటు అటు 0.354 టెస్లా.

ఎన్87 లేదా పీసీ40 లాంటి పవర్ ఫెర్రైట్ 25 డిగ్రీల దగ్గర 0.49 నుంచి 0.51 టెస్లా వరకు తట్టుకుంటుంది, దాటితే కోర్ నిండిపోతుంది (సాచురేషన్). 100 డిగ్రీల దగ్గర అదే ముక్క 0.39కి దిగుతుంది. చల్లగా ఉన్నప్పుడు నడిచి, పది నిమిషాలకు పోవడానికి కారణం ఇదే. మే నెలలో నల్లగొండ పక్క బయటే 44, 45 డిగ్రీలు ఉంటే, మూసిన డబ్బాలో కోర్ వేడి 100కి చేరడం పెద్ద విషయం కాదు. డేటాషీటులో 25 డిగ్రీల గీతను చూసి డిజైన్ చేయకండి, 100 డిగ్రీల గీత చూడండి. కోఠి గుజరాతీ గల్లీలో తెచ్చిన పేరు లేని కోర్ అయితే 0.35కే ఆగిపోతుందనుకుని లెక్క వేయండి.

మిర్యాలగూడ_వైండింగ్
గంత లెక్కెందుకు? కోర్ సగాల నడుమ టేపు ముక్క పెట్టు, గ్యాపు పడ్తది, సాచురేషన్ పోతది. ఫ్లైబ్యాక్‌ల (కోర్‌ల శక్తి నింపి వదిలే కన్వర్టరు) మేం చేసేది అదే.

వోల్ట్‌సెకను
ఫ్లైబ్యాక్‌లో సరైన మాటే. ఇక్కడ సగమే సరైనది. పైన లెక్కలో గ్యాపు ఎక్కడైనా ఉందా చూడండి. వోల్టులు, సమయం, చుట్లు, అడ్డకోత, అంతే. టేపు పెట్టినా ఆ 0.354 మారదు. అదే ఫ్లక్స్ కోసం ఎక్కువ మాగ్నెటైజింగ్ కరెంటు లాగుతుంది, ఫెట్లు ఇంకాస్త వేడెక్కుతాయి.

ఫ్లైబ్యాక్‌లో కోర్‌ను నింపేది ఆంపియర్లు, అందుకే అక్కడ గ్యాపు. పుష్-పుల్‌లో నింపేది వోల్ట్-సెకన్లు, ఇక్కడ చుట్లూ ఫ్రీక్వెన్సీయే మందు. ఈ రెండూ కలగలిసి పోవడం వల్లే సగం గందరగోళం.

పాలమూరు_ఫెర్రైట్
సగమే అన్నవు సారూ, మిగిలిన సగం గూడ చెప్పు. ఒకే పక్క ఎందుకు పోతున్నదో ఫ్రీక్వెన్సీ ఒక్కటే చెప్పదు. అది ఫ్లక్స్ వాకింగ్, అంటే ఫ్లక్స్ చక్రం చక్రానికి ఒకే దిక్కు జరుగుడు. నేనే చెప్త.

రెండు పక్కల పల్సులు ఒక్క తీరుగ లేవనుకో, తేడా 100 నానోసెకన్లు. ఐసీ నుంచి నేరుగ రెండేసి 3205 గేట్లు తోలుతున్నవ్ కాబట్టి అంత తేడా ఉండుడు మామూలే. ఒక్కో గేటుకు 146 నానోకూలంబు దాక కావాలె, 3525 అవుట్‌పుట్టుకు అంత బలం లేదు, ఫెట్టు నిదానంగ తెరుసుకుంటది, నిదానంగ మూసుకుంటది. 14 వోల్టులు × 0.1 = 1.4. దాన్ని 500 తో భాగిస్తే చక్రానికి 0.0028 టెస్లా ఒకే దిక్కు జరుగుతది. నూరు చక్రాలకు 0.28. నూరు చక్రాలంటే అయిదు మిల్లీసెకన్లు.

మరి అన్ని కన్వర్టర్లు అయిదు మిల్లీసెకన్లకే ఎందుకు పోవు? ఒక పక్క కరెంటు పెరిగితే ఆ పక్క ఫెట్టుల, తీగెల డ్రాపు పెరుగుతది, అదే అడ్డం పడ్తది. గని ఎంత దూరం పోయినంక ఆగుతదన్నదే లెక్క. ఫ్రీక్వెన్సీ పెంచి 38.8 కిలోహెర్ట్జ్ చేసినంక గూడ ఆ 100 నానోసెకన్ల తేడా సగటున 54 మిల్లీవోల్టుల డీసీతోని సమానం. ఫెట్టు, తీగె కలిసి 12 మిల్లీఓములు అనుకుంటే నాలుగున్నర ఆంపియర్ల డీసీ. ఇప్పుడు కోర్ దిక్కు చూడు. గ్యాపు లేని ఈటీడీ39 కు చుట్టు వర్గానికి 2.6 మైక్రోహెన్రీ ఉంటది. 4 చుట్లకు సుమారు 42. ఫ్రీక్వెన్సీ సరి జేసి 0.18 మీద నడిపినా 0.39 దాక మిగిలే జాగ 0.21, దానికి పట్టే డీసీ రెండున్నర ఆంపియర్లే. నాలుగున్నర ఎక్కడ, రెండున్నర ఎక్కడ!

గ్యాపు అక్కరకొచ్చేది ఇక్కడ. మిర్యాలగూడ అన్న చెప్పిన టేపు, 0.06 మిల్లీమీటర్లది మూడు కాళ్లకూ పెడితే, దారిల రెండుసార్లు వస్తది, మొత్తం 0.12. ఇండక్టెన్సు 42 నుంచి 14 మైక్రోహెన్రీకి పడ్తది, ఓర్సుకునే డీసీ ఏడున్నరకు పోతది. బదులుగ మాగ్నెటైజింగ్ కరెంటు ఇటు అటు ఆరున్నర ఆంపియర్లు. 25, 30 ఆంపియర్లు నడిచే దాంట్ల ఓర్సుకోవచ్చు, గని ఖాళీగ ఉన్నప్పుడు గూడ ఫెట్లు వెచ్చగుంటయ్. నా మాట అడిగితే ముందుగాల డ్రైవు సరి జెయ్, గ్యాపు ఆఖరుకు.

మిర్యాలగూడ_వైండింగ్
సరే, ఒప్పుకున్న. కానీ టేపు నడిమి కాలికి మాత్రం పెడితే సగాలు ఒరుగుతయ్, కోర్ కూత పెడ్తది. పెడితే మూడు కాళ్లకూ పెట్టాలె.

జడ్చర్ల_స్కోప్
డ్రైవు సరి చేయాలంటే మధ్యలో టీసీ4427 పెట్టండి, ఒక చిప్పులో రెండు డ్రైవర్లు, ఒక్కోటి 1.5 ఆంపియర్లు. గేటు రెసిస్టరు ప్రతి ఫెట్టుకూ విడిగా 10 ఓమ్. చిప్పు కాళ్ల దగ్గరే 1 మైక్రోఫారడ్ సిరామిక్. కొనేటప్పుడు నంబరు చూసుకోండి: 4426 అచ్చం అట్లాగే ఉంటుంది, కానీ సిగ్నలును తిప్పేస్తుంది. అది పెడితే రెండు పక్కలూ ఒకేసారి ఆన్ అయ్యే సమయం వస్తుంది, పవర్ ఇచ్చిన క్షణంలో నాలుగు ఫెట్లూ పోతాయి.

ఇక సాచురేషన్ ఉందా లేదా అన్నది ఊహించక్కర్లేదు, కనపడుతుంది. చిన్న ఫెర్రైట్ రింగు మీద సన్న తీగ 100 చుట్లు, కొనలకు ఒక వేగమైన డయోడు ద్వారా 10 ఓమ్ రెసిస్టరు. డ్రెయిన్ తీగను రింగులోంచి ఒకసారి దూర్చండి. ఆంపియరుకు 0.1 వోల్టు వస్తుంది. ఇలాంటివి రెండు చేసి పక్కకొకటి పెట్టండి, రెండు డ్రెయిన్లనూ ఒకే రింగులోంచి పంపకండి. స్కోపు రెండు చానళ్లలో చూస్తే:

ఆరోగ్యంగా ఉంటే పల్సు పైభాగం కొద్దిగా వాలుతో తిన్నగా పోతుంది, రెండూ ఒకే ఎత్తు.
వాకింగ్ అయితే ఒక పక్క పొడుగు, రెండో పక్క పొట్టి.
సాచురేషన్ అయితే పల్సు చివర కొడవలి కొసలా పైకి లేస్తుంది. ఆ కొస ఎప్పుడూ పల్సు ఆఖర్లోనే ఉంటుంది. మొదట్లో లేచే ముల్లు వేరు, అది డయోడు రికవరీ, దాన్ని చూసి భయపడొద్దు.

కొస కనపడిందంటే వెంటనే ఆపండి. హీట్ గన్‌తో కోర్‌ను వేడి చేసి మళ్లీ చూడటం మరవద్దు, చల్లటి కోర్ అబద్ధం చెబుతుంది. ఈ పరీక్షలన్నీ బ్యాటరీకి నేరుగా కాదు, 12 వోల్టుల 55 వాట్ల హెడ్‌లైటు బల్బు సీరీస్‌లో పెట్టి చేయండి. బల్బు వెలిగితే ఫెట్లు బతుకుతాయి.

వోల్ట్‌సెకను
8వ పిన్ను ఖాళీగా ఉందన్నది ఎవరూ పట్టించుకోలేదు. మొదటి పల్సు విషయం ప్రత్యేకం. స్థిరంగా నడుస్తున్నప్పుడు ఫ్లక్స్ కింది అంచు నుంచి పై అంచుకు పోతుంది. స్విచ్ వేసిన క్షణంలో సున్నా నుంచి మొదలవుతుంది, కాబట్టి మొత్తం ఊపు ఒకే దిక్కుకు పడుతుంది. మీ ఇప్పటి డిజైనులో 0.708, ఏ ఫెర్రైటూ తట్టుకోదు. ఫ్రీక్వెన్సీ సరిచేశాక 0.36, కోర్‌లో మిగిలిన అయస్కాంతం కూడా అదే దిక్కులో ఉంటే అదీ గండమే.

8వ పిన్ను నుంచి గ్రౌండుకు 2.2 మైక్రోఫారడ్ పెట్టండి. ఐసీ లోపల 50 మైక్రోఆంపియర్ల సోర్సు ఉంది, పల్సులు సన్నగా మొదలై సుమారు 0.1 సెకనులో పూర్తి వెడల్పుకు వస్తాయి.

ఒక ముందుజాగ్రత్త: ఫీడ్‌బ్యాక్ కలిపాక డ్యూటీ తగ్గుతుంది కదా, ఫ్లక్స్ కూడా తగ్గుతుంది, చుట్లు తగ్గించవచ్చు అనిపిస్తుంది. వద్దు. లోడు ఒక్కసారి పడితే కంట్రోలరు పూర్తి డ్యూటీకి పోతుంది, ఆ క్షణంలో బ్యాటరీ 14 వోల్టుల మీద ఉండొచ్చు. ఎక్కువ వోల్టేజీ, ఎక్కువ డ్యూటీ రెండూ కలిసి వచ్చినప్పటి లెక్కే లెక్క.

దేవరకొండ_బెంచ్
మరి ఫ్రీక్వెన్సీ పెంచాల్నా, చుట్లు 8 చెయ్యాల్నా?

పాలమూరు_ఫెర్రైట్
పెంచు. 2.2 తీసి 1 నానోఫారడ్ పెట్టు, 16 తీసి 18 కిలో ఓమ్. 100 ఓమ్ అట్లనే ఉండనియ్. ఆసిలేటరు 77.5, అవుట్‌పుట్టు 38.8 వస్తది. కెపాసిటరు మాత్రం పాలిస్టర్‌దో సీ0జీ రకందో పెట్టు, మామూలు సిరామిక్ వేడికి జారుతది, దాంతోని ఫ్రీక్వెన్సీ జారుతది. ఫ్రీక్వెన్సీ కిందికి జారితే ఫ్లక్స్ పైకి పోతదని మరువకు.

8 చుట్లు చేస్తే సెకండరీ 200 గావాలె. రాగి రెట్టింపు, కిటికీల పట్టుడు కష్టం.

మిర్యాలగూడ_వైండింగ్
చుట్టుడు గురించి నేను చెప్త. 4+4 ను విడివిడిగ చుట్టకు. 300 వాట్లకు ఒక్కో సగంల సుమారు 24 ఆంపియర్లు ఆర్‌ఎంఎస్. చదరపు మిల్లీమీటరుకు 5 ఆంపియర్లు లెక్కన 24 గేజు తీగెలు 20 గావాలె. దొడ్డు తీగె ఒక్కటి పెడితే 40 కిలోహెర్ట్జ్ మీద కరెంటు పైపొరల్నే పోతది, లోపలి రాగి దండుగ. 24 గేజు సరిగ్గ సరిపోతది.

40 తీగెలు ఒకే పొడుగు కోసి ఒక్కటే కట్టగ పట్టి 4 చుట్లు తిప్పు. తర్వాత కంటిన్యుటీ చూసి 20 ఒక జట్టు, 20 ఒక జట్టు. ఒక జట్టు ముగింపు, రెండో జట్టు మొదలు కలిపితే సెంటర్ ట్యాపు. రెండు సగాలు కోర్‌ను ఒక్క తీరుగ చూస్తయ్, రెసిస్టెన్సు ఒక్కటే, లీకేజీ గూడ తక్కువ. సెకండరీని సగం కింద, సగం మీద పెట్టి ప్రైమరీని నడిమిట్ల పెడితే ఇంక మంచిది. సెంటర్ ట్యాపు నుంచి బ్యాటరీకి, రెండు డ్రెయిన్లకు పోయే తీగెలు గూడ ఒకే పొడుగు ఉండాలె. ఒక పక్క తీగె జానెడు, ఇంకో పక్క మూరెడు పెట్టి వాకింగ్ ఎందుకొస్తున్నదని అడిగితే ఏం చెప్తం.

అతికేటప్పుడు సగాల నడుమ గమ్ము పొయ్యొద్దు, అదీ గ్యాపే. పక్కన రాయాలె.

కల్వకుర్తి_చార్జర్
ఇదే దారంలో అడగొచ్చా? పత్తి స్ప్రేయర్ల 12 వోల్టుల బ్యాటరీకి చార్జరు, 14.4 వోల్టులు 1.7 ఆంపియర్లు. యూసీ3842 ఫ్లైబ్యాక్, 65 కిలోహెర్ట్జ్. పాత కంప్యూటర్ పవర్ సప్లైలోంచి తీసిన కోర్, ఈఎఫ్25 కొలతే. ప్రైమరీ 60 చుట్లు. సెన్స్ రెసిస్టరు 0.5 ఓమ్. ఆన్ చేయగానే టిక్కు టిక్కుమని ఆగుతుంది, రెండు ఫెట్లు పోయాయి.

వోల్ట్‌సెకను
ఆ కోర్ ఫ్లైబ్యాక్‌ది కాకపోతే దానికి గ్యాపు ఉండదు. గ్యాపు లేని ఈఎఫ్25 మీద 60 చుట్లు అంటే దాదాపు 7 మిల్లీహెన్రీ. 0.16 ఆంపియరు దగ్గరే నిండిపోతుంది. ఎల్‌సీఆర్ మీటరు ఉంటే ఇప్పుడే కొలిచి చూడండి.

ఇక్కడి సూత్రం: ఇండక్టెన్సు (మైక్రోహెన్రీ) × గరిష్ఠ కరెంటు ÷ (చుట్లు × అడ్డకోత). ఈఎఫ్25 అడ్డకోత 52. మీకు 600 మైక్రోహెన్రీ సరిపోతుంది. దానికి నడిమి కాలు 0.4 మిల్లీమీటర్లు అరగదీయాలి, లేదా మూడు కాళ్లకూ 0.2 మిల్లీమీటర్ల ముక్కలు పెట్టాలి. కొలిచి 600 వచ్చేదాకా సర్దండి.

తర్వాత గరిష్ఠ కరెంటు. చాలామంది లోడుకు కావలసిన కరెంటుతో లెక్క వేస్తారు. కంట్రోలరు ఎక్కడ ఆపుతుందో అదే గరిష్ఠం, ఎందుకంటే ఆన్ చేసినప్పుడు, అవుట్‌పుట్టు షార్ట్ అయినప్పుడు ప్రతి పల్సూ అక్కడిదాకా పోతుంది. 3842 ఆపే వోల్టేజీ 1 వోల్టు, చిప్పును బట్టి 0.9 నుంచి 1.1. మీ 0.5 ఓముతో 2.2 ఆంపియర్లు. 600 × 2.2 ÷ 3120 = 0.42. గ్యాపు పెట్టినా వేడిలో సాచురేషనే.

0.68 ఓమ్ పెట్టండి. ఎక్కువలో ఎక్కువ 1.62 ఆంపియర్లు. తక్కువలో తక్కువ 1.32, దానితో కూడా మీ 24.5 వాట్లు వస్తాయి.

జడ్చర్ల_స్కోప్
ఇంకో చోరుడున్నాడు. 3842 3వ పిన్ను (కరెంటు చూసేది) ముందు ముల్లు కోసం పెట్టే ఫిల్టరు, 1 కిలో ఓమ్, 470 పికోఫారడ్ అని అందరూ నకలు కొడతారు. అది 0.47 మైక్రోసెకను ఆలస్యం. ఐసీ సొంత ఆలస్యం 0.15. రాత్రిళ్లు లైను 265 వోల్టులకు పోతే కెపాసిటరు మీద 375 డీసీ, కరెంటు మైక్రోసెకనుకు 0.625 ఆంపియరు చొప్పున ఎక్కుతుంది. 0.62 మైక్రోసెకనులో 0.39 ఆంపియరు అదనం. 1.62 కాస్తా 2.01 అవుతుంది, 0.386 టెస్లా. సరిగ్గా గోడ అంచు. 470 తీసి 220 పెడితే 1.85, అంటే 0.356. ముల్లు ఇంకా ఇబ్బంది పెడితే ఫిల్టరు పెంచకండి, ట్రాన్స్‌ఫార్మరు చుట్టే పద్ధతీ గ్రౌండు దారీ సరిచేయండి.

మెయిన్స్ పక్క స్కోపు పెట్టేటప్పుడు ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మరు తప్పనిసరి. సీరీస్ బల్బు సరే గానీ, అది స్కోపు గ్రౌండును కాపాడదు.

కల్వకుర్తి_చార్జర్
కొలిచాను, 6.9 మిల్లీహెన్రీ. దొరికింది దొంగ. హాఫ్ బ్రిడ్జ్‌కు కూడా వాకింగ్ ఉంటుందా?

పాలమూరు_ఫెర్రైట్
హాఫ్ బ్రిడ్జ్‌ల ప్రైమరీకి సీరీస్‌ల 1 మైక్రోఫారడ్ పాలీప్రొపిలీన్ ఉంటది చూడు, డీసీని అదే ఆపుతది. సెంటర్ ట్యాపు పుష్-పుల్‌ల ఆ కెపాసిటరు పెట్టే జాగ లేదు, అందుకే దానికి ఇన్ని తిప్పలు. అక్కడ పక్కా మందు కావాల్నంటే యూసీ3846 లాంటి కరెంట్ మోడ్ ఐసీ: ప్రతి పల్సును ఒకే కరెంటు దగ్గర కోస్తది, వాకింగ్ తనంతట తానే సర్దుకుంటది. హాఫ్ బ్రిడ్జ్‌ల మాత్రం ఆ కరెంట్ మోడ్ పెట్టకు, నడిమి పాయింటు వోల్టేజీ ఒక దిక్కు కొట్టుకపోతది.

దేవరకొండ_బెంచ్
1 నానోఫారడ్, 18 కిలో ఓమ్, టీసీ4427, 8వ పిన్నుకు 2.2 మైక్రోఫారడ్ పెట్టిన. 40 తీగెల కట్టతోని మల్ల చుట్టిన, గ్యాపు పెట్టలే. 11వ పిన్ను మీద 38.6 కిలోహెర్ట్జ్. 150 వాట్ల లోడు, నలభై నిమిషాలు, కోర్ మీద థర్మోకపుల్ 71 డిగ్రీలు. కొస లేవలే. కానీ ఒక పక్క 15 ఆంపియర్లు, 14వ పిన్ను పక్క 16. ఈ 1 ఆంపియరును పట్టించుకోవాల్నా?

జడ్చర్ల_స్కోప్
300 వాట్ల మీద కూడా 1 దగ్గరే ఆగితే ఏం కాదు, మీ కోర్‌కు రెండున్నర దాకా జాగ ఉంది. ఎక్కడినుంచి వస్తుందో తెలుసుకోవాలంటే రెండు పక్కల ఫెట్లను అటు ఇటు మార్చండి. పొడుగు పల్సు ఫెట్టుతో పాటు పోతే తేడా ఫెట్టుది. అక్కడే ఉండిపోతే డ్రైవుదో తీగదో. అప్పుడు 4427 రెండు ఇన్‌పుట్లను అడ్డం మార్చి చూడండి. పొడుగు అటు పోతే 3525దే.

3525 10వ పిన్ను (షట్‌డౌన్) ఖాళీగా ఉంటే గ్రౌండుకు కలపండి. తర్వాత ఆ రెండు రింగుల అవుట్‌పుట్లను డయోడ్లతో కలిపి, ఒక కంపారేటరు ద్వారా దానికే ఇస్తే పల్సు పల్సుకూ కరెంటు కోత వస్తుంది. సిగ్నలు పొట్టిగా ఉన్నంతకాలం 8వ పిన్ను కెపాసిటరు పెద్దగా దిగదు, ఆ పల్సు ఒక్కటే ఆగుతుంది. 300 వాట్లకు 40 ఆంపియర్ల దగ్గర పెట్టండి.